వెయిటర్‌కి ఫైర్ ఫైటింగ్ ఎందుకు మావయ్యా? క్రూయిజ్ షిప్ సేఫ్టీ మీద అపోహలు - వాస్తవాలు

మొన్న వైజాగ్ ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తింటుంటే మా మేనల్లుడు అడిగాడు, "మావయ్యా, నేను చేరేది వెయిటర్‌గా కదా, నాకీ మంటలార్పే కోర్సెందుకు, ఫీజు దండగ" అని. పన్నెండేళ్ళు షిప్ గ్యాలీలో, అంటే వంటింట్లో చేసినోణ్ణి, ఇలాంటివి వింటే ఊరుకోలేను.

అపోహ: సేఫ్టీ అంతా కెప్టెన్, ఇంజనీర్లే చూసుకుంటారు.

వాస్తవం: షిప్ ఎక్కగానే నీకో ఎమర్జెన్సీ నంబర్ ఇస్తారు, నీ లైఫ్‌బోటేది, నీ డ్యూటీ ఏంటి అన్నీ దానికే లింకు. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత వినపడ్డాయంటే మెట్ల దగ్గర దారి చూపించేది, కేబిన్లు వెతికేది, జనాన్ని లెక్కపెట్టేది ఎవరనుకున్నారు, వెయిటర్లూ, రూములు తుడిచేవాళ్ళూ, ఆఖరికి డాన్సర్లూ.

అపోహ: షిప్‌లో పెద్ద భయం మునిగిపోవడమే.

వాస్తవం: టైటానిక్ పుణ్యమా అని అందరిదీ అదే మాట. మేం భయపడేది మంటకి. 2023 నవంబర్‌లో మన ఫిషింగ్ హార్బర్‌లో ఒకదాని పక్కనొకటి కట్టేసిన బోట్లు ఎలా తగలబడ్డాయో చూశాం కదా, అదీ ఒడ్డున. నడిసముద్రంలో ఫైరింజన్ రాదు, ఉన్నోళ్ళమే ఆర్పుకోవాలి. ఒకసారి మా ఫ్రయర్‌లో నూనె అంటుకుంటే కొత్త కుర్రాడు బకెట్‌తో నీళ్ళు పట్టుకొచ్చాడు, కాలర్ పట్టుకుని వెనక్కి లాగేశాను. మండే నూనెలో నీళ్ళు పడితే అడుక్కి దిగి ఒక్కసారిగా ఆవిరై, ఆ నూనెని మొహమ్మీదకి చిమ్ముతాయి. కరెంట్ ఆపాలి, ఫైర్ బ్లాంకెట్ కప్పాలి, పైన పొగగొట్టం డాంపర్, అంటే లోపలి మూత, మూసెయ్యాలి, ఎవరో ఒకరు బ్రిడ్జికి, అంటే షిప్ నడిపే గదికి, ఫోన్ కొట్టాలి, ఇవన్నీ ఆలోచించకుండా చేతులే చేసెయ్యాలి. అందుకే వారం వారం డ్రిల్లు, మేం తిట్టుకుంటూనే చేసేవాళ్ళం అనుకోండి.

అపోహ: ప్యాసింజర్లకి పెట్టే డ్రిల్ టైంపాస్.

వాస్తవం: 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా రాయికి గుద్దుకుని 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కినవాళ్ళకి డ్రిల్ ఇంకా కాలేదు, అప్పటి రూల్ ప్రకారం 24 గంటల్లోపు పెడితే చాలు మరి. 2015 నుంచి షిప్ కదిలేలోపో, కదిలిన వెంటనేనో పెట్టాల్సిందే. ఇప్పుడు మన పోర్టులోనూ క్రూయిజ్ టెర్మినల్ ఉంది కాబట్టి ఎక్కేవాళ్ళు సెల్ఫీలాపి కాసేపు వినండి బాబూ.

అపోహ: ఈతొస్తే చాలు.

వాస్తవం: చల్లటి నీళ్ళలో ఈదేకొద్దీ ఒంట్లో వేడి పోతుంది, లైఫ్ జాకెట్‌తో మోకాళ్ళు ముడుచుకుని కదలకుండా తేలాలి. తిరగబడిన రాఫ్ట్‌ని, అంటే గ్యాస్‌తో ఉబ్బే తెప్పని, సరిచేయడం కూడా నేర్పిస్తారు, దాని గ్యాస్ సిలిండర్ వైపు ఎక్కి, బెల్టు పట్టుకుని వెనక్కి వాలాలి, అది మన మీదే పడుతుంది, కంగారుపడకుండా కిందనుంచి బయటికి రావాలి.

ఇంకోటి, ఈ కోర్సుల సర్టిఫికెట్ ఒకసారి తీసుకుంటే జీవితాంతం అనుకునేవాళ్ళున్నారు, ఐదేళ్ళకోసారి రిఫ్రెషర్ ఉంటుంది.

మావాడు మొత్తానికి కోర్సులో చేరాడు. నిన్న ఫోన్ చేసి, రాఫ్ట్ తన మీద పడి గుక్కెడు నీళ్ళు మింగానని నన్నే తిట్టాడు.