అప్పీలు తేలేదాకా: జైలుశిక్ష నిలుపుదల చట్టం నడిచి వచ్చిన దారి

యావజ్జీవ శిక్ష పడి కడప సెంట్రల్ జైలుకు వెళ్లిన మనిషి నాలుగైదేళ్లకు ఊళ్లో కనిపిస్తే రాయలసీమ పల్లెల్లో వినిపించే మాట ఒకటే: "వాని మీది కేసు కొట్టేసినారంట." హతుని ఇంట్లోవాళ్లు ఆ మాట విని న్యాయం తమను వదిలేసిందనుకుంటారు, వచ్చినవాని ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. చాలాసార్లు ఇద్దరూ పొరబడినట్టే. కేసును ఎవరూ కొట్టేయలేదు, శిక్షనూ తగ్గించలేదు. హైకోర్టులో వేసిన అప్పీలు తేలేదాకా శిక్ష అమలును ఆపి, అతన్ని బెయిలుపై బయటికి పంపారు, అంతే. వకీళ్లు దీన్ని సస్పెన్షన్ ఆఫ్ సెంటెన్స్ అంటారు. ఫ్యాక్షన్ కేసుల వల్ల కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో వేల కుటుంబాలకు పరిచయమైన మాట ఇది. అయినా ఇది ఎందుకు పుట్టిందో, ఎంతవరకు పనిచేస్తుందో తెలిసినవాళ్లు తక్కువ. అది తెలియకపోవడం వల్ల ఊళ్లలో పాత పగలు మళ్లీ రాజుకుంటాయి కనుక, ఈ చట్టం చరిత్రను కొంత నిదానంగా చెప్పుకోవలసి ఉంది.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 426వ సెక్షన్. అప్పీలు పెండింగులో ఉండగా, కారణాలను రాతపూర్వకంగా నమోదు చేసి, శిక్ష అమలును నిలిపివేయడానికీ, ముద్దాయి నిర్బంధంలో ఉంటే అతన్ని బెయిలుపై గానీ సొంత పూచీకత్తుపై గానీ విడుదల చేయడానికీ ఆ సెక్షన్ అప్పీలు కోర్టుకు అధికారం ఇచ్చింది. దాని నకలు అనదగ్గ వాక్యమే 1973 చట్టంలో 389వ సెక్షన్‌గా వచ్చింది, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 430వ సెక్షన్‌గా కొనసాగుతోంది. నూటపాతికేళ్లుగా మాట పెద్దగా మారలేదు. ఆ మాటను కోర్టులు చదివిన తీరే మారుతూ వచ్చింది.

ఆ పాత సెక్షన్‌లోనే ఇంకొక నియమం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. అప్పీలు చివరికి ఓడిపోతే, బెయిలుపై బయట గడిపిన కాలాన్ని శిక్షలో కలపరు. మూడేళ్ల శిక్షలో నాలుగు నెలలు జైల్లో ఉండి, ఆరేళ్లు బయట ఉన్నవాని అప్పీలు కొట్టుడుపోతే, మిగిలిన రెండేళ్ల ఎనిమిది నెలలూ అనుభవించవలసిందే. 1898 నాటి పాఠంలో ఈ నియమం జైలుశిక్షకే గాక ద్వీపాంతరవాసానికీ వర్తించేది. ఆ శిక్ష 1955 సవరణతో పోయి, దాని స్థానంలో యావజ్జీవ కారాగారం వచ్చింది. శిక్ష ఆగుతుంది గానీ అరగదు అన్న ఈ ఒక్క విషయం ఊళ్లో అర్థమైతే, బయటికొచ్చినవాణ్ని చూసి హతుని కొడుకులకు కలిగే ఆక్రోశం కొంతైనా తగ్గుతుందని నా నమ్మకం.

1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ధారాదత్తం చేసిన కడప, అనంతపురం ప్రాంతాలూ, 1839లో నవాబు చేతినుంచి కంపెనీ లాక్కున్న కర్నూలూ మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమయ్యాయి. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడ్డాక సెషన్సు కోర్టులు వేసిన శిక్షలపై అప్పీళ్లు అక్కడికే వెళ్లేవి. ఆపైన ఉండే ప్రీవీ కౌన్సిల్ లండన్‌లో ఉండేది. అక్కడికి అప్పీలుకు అనుమతి దొరికినా, ఓడల మీద కాగితాలు వెళ్లి తీర్పు వచ్చేదాకా మనిషి జైల్లోనే ఉండాలా అన్న ప్రశ్న 1945లో లాలా జైరాందాస్ కేసులో తలెత్తింది. చట్టంలో స్పష్టంగా ఇవ్వని అధికారాన్ని హైకోర్టు తన సహజాధికారం పేరుతో వాడుకుని, శిక్షపడినవానికి బెయిలు ఇవ్వడం కుదరదని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. బెయిలుపై గడిపిన కాలాన్ని శిక్ష లెక్కలో కలపకుండా పక్కనపెట్టే ఏర్పాటు సహజాధికారం కింద ఉండదు కనుక, అలా వదిలితే ఆ మేరకు శిక్షే తగ్గిపోతుందని అది భావించింది. శిక్ష నిలుపుదల అనేది జడ్జి దయకు సంబంధించినది కాదనీ, చట్టం గీసిన గీత లోపల వాడవలసిన అధికారమనీ ఆ తీర్పుతో స్థిరపడింది.

స్వాతంత్ర్యం తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆచారం కఠినంగానే నడిచింది. యావజ్జీవం పడినవానికి అప్పీలు కాలంలో బెయిలు ఇవ్వకపోవడం దాదాపు అలవాటుగా మారింది. ఆ అలవాటును కదిలించినది 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన కాశ్మీరా సింగ్ తీర్పు. హత్యకేసులో శిక్షపడిన అతని అప్పీలు ఏళ్ల తరబడి విచారణకు రాలేదు. అలవాటు ప్రకారం బెయిలు ఇవ్వకూడదు. జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ అలవాటుకు మూలమేమిటో వెతికారు: అప్పీలు సహేతుకమైన కాలంలో తేలిపోతుందన్న నమ్మకమే దానికి ఆధారమనీ, ఆ నమ్మకం నిలవనప్పుడు అలవాటూ నిలవదనీ చెప్పారు. చేయలేదని చివరికి తేలే నేరానికి ఒక మనిషిని అయిదారేళ్లు జైల్లో ఉంచడం న్యాయాన్ని అపహాస్యం చేయడమేననీ, ఆ ఏళ్లకు ఏ కోర్టు పరిహారం చెల్లించగలదనీ ఆయన అడిగారు. ఈ సెక్షన్ చరిత్రలో ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి రాలేదని నేను అనుకుంటాను. నిర్దోషిగా తేలినవానికి ఆస్తి తిరిగిరావచ్చు, ఉద్యోగం రావచ్చు; జైల్లో ఉండగా పెరిగిపోయిన పిల్లల బాల్యం తిరిగిరాదు.

కాశ్మీరా సింగ్ తర్వాత కోర్టుల ముందు రెండు దారులు ఏర్పడ్డాయి. పదేళ్లు, ఏడేళ్లు వంటి నిర్ణీతకాల శిక్షల విషయంలో ఉదారంగా ఉండాలనీ, ప్రత్యేక కారణం లేకపోతే నిలుపుదల ఇవ్వాలనీ, ఇవ్వలేకపోతే అప్పీలునైనా త్వరగా వినాలనీ 1999లో భగవాన్ రామా షిండే గోసాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లేకపోతే అప్పీలు తేలేనాటికి శిక్ష పూర్తయి, అప్పీలుహక్కే వట్టిపోతుంది. హత్యానేరాల దగ్గరికి వచ్చేసరికి స్వరం మారింది. విచారణ సమయంలో బెయిలుపై ఉండి ఆ స్వేచ్ఛను దుర్వినియోగం చేయలేదన్నంత మాత్రాన శిక్ష పడ్డాక బెయిలు రాదనీ, నేర తీవ్రతను తూచి కారణాలు రాయాలనీ 2004లో కిశోరీలాల్ కేసు చెప్పింది. దోషిగా తేలాక, నిర్దోషి అన్న ఊహ వెనక్కి పోతుందని 2020లో ప్రీత్‌పాల్ సింగ్ తీర్పు గుర్తుచేసింది. 2023లో ఓంప్రకాశ్ సాహ్ని కేసులో ఇంకాస్త స్పష్టంగా గీత గీశారు: సాక్ష్యాన్ని మళ్లీ తవ్వి చూడకుండానే, రికార్డు మీద పైకి కనిపించే లోపం వల్ల అప్పీలు నెగ్గే అవకాశం ఉందా అన్నది చూడాలి. ఈ తీర్పుల నడుమే 2005లో చట్టానికి సవరణ వచ్చింది. మరణశిక్షకు గానీ, యావజ్జీవానికి గానీ, పదేళ్లకు తగ్గని శిక్షకు గానీ తగిన నేరమైతే, విడుదలకు ముందు పబ్లిక్ ప్రాసిక్యూటరుకు రాతపూర్వకంగా కారణాలు చూపే అవకాశం ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింది కేసుల్లో బాధితులకే వినిపించుకునే హక్కు ఉంది.

చిన్న శిక్షల సంగతి వేరు. ముద్దాయి బెయిలుపై ఉండి, శిక్ష మూడేళ్లకు మించకపోతే, అప్పీలు వేసుకోవడానికి కావలసినంత కాలం శిక్ష విధించిన కోర్టే అతన్ని బయట ఉంచాలి. ప్రత్యేక కారణాలుంటే తప్ప నిరాకరించకూడదు. చెక్కు బౌన్సు కేసుల్లో మేజిస్ట్రేట్ తీర్పు చెప్పిన సాయంత్రమే ముద్దాయి ఇంటికి వెళ్లడం వెనుక ఉన్నది ఈ నియమమే. అయితే 2018లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టానికి 148వ సెక్షన్ చేర్చి, అప్పీలు కాలంలో జరిమానా లేదా పరిహారంలో కనీసం 20 శాతం డిపాజిట్ చేయమనే అధికారాన్ని అప్పీలు కోర్టుకు ఇచ్చారు. ఇది మినహాయింపుల్లేని నియమమేమీ కాదని సుప్రీంకోర్టు 2023లో జంబూ భండారీ కేసులో వివరించింది.

మన జిల్లాలకు ప్రత్యేకంగా పట్టిన ముడి వేరొకటి ఉంది. ఫ్యాక్షన్ హత్యకేసుల్లో ఎఫ్‌ఐఆర్‌లో పదిహేను, ఇరవై మంది పేర్లు ఉండటం కొత్త కాదు. పాత శిక్షాస్మృతిలోని 149వ సెక్షన్, అంటే ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 190, అక్రమ సమూహంలో ఉమ్మడి ఉద్దేశంతో పాల్గొన్న ప్రతివాణ్నీ ఆ సమూహం చేసిన నేరానికి బాధ్యుణ్ని చేస్తుంది. వేటకొడవలి విసిరినవానికీ, దూరంగా నిలబడి కేకలు వేశాడని సాక్షి చెప్పినవానికీ ఒకే యావజ్జీవం పడుతుంది. శిక్ష నిలుపుదల దరఖాస్తులో ఈ తేడా మళ్లీ పైకి వస్తుంది. ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉందని సాక్షులు చెప్పారు, గాయాలు దానితో సరిపోతున్నాయా, మొదటి ఫిర్యాదులో ఆ పేరు ఉందా అని హైకోర్టు విడివిడిగా చూస్తుంది. ఒకే తీర్పులో శిక్షపడిన పదిమందిలో ముగ్గురికి బెయిలు వచ్చి ఏడుగురికి రాకపోవడానికి కారణం అదే. దాన్ని పలుకుబడి ఫలితంగా చూసే ఊరివాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండటం లేదు.

కాలయాపన విషయంలో ఉమ్మడి హైదరాబాదు హైకోర్టు 2016లో బత్చు రంగారావు కేసులో ఒక ముఖ్యమైన అడుగు వేసింది. యావజ్జీవం పడి అయిదేళ్లు జైల్లో గడిపిన తర్వాత కూడా అప్పీలు తేలనివాళ్లను, కొన్ని ఘోర నేరాల తరగతులను మినహాయించి, తగిన షరతులపై బెయిలుకు అర్హులుగా చూడాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఇది వచ్చాక మన జిల్లాల ఖైదీల దరఖాస్తుల్లో వాదన సారం మారిపోయింది. సాక్ష్యం బలాబలాల కంటే జైల్లో గడిచిన ఏళ్ల లెక్క ముందుకు వచ్చింది. దేశవ్యాప్తంగా ఇదే దిశలో 2022లో సోనాధర్ కేసులో, పదేళ్లు శిక్ష అనుభవించి, అప్పీలు దగ్గర్లో విచారణకు వచ్చే అవకాశం లేనివాళ్లకు సాధారణంగా బెయిలు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. బాధిత కుటుంబానికి ఇది కష్టంగానే తోస్తుంది, ఆ బాధను నేను తోసిపుచ్చను. కానీ ఆ కష్టానికి మూలం బెయిలులో లేదు, అప్పీళ్లు తేలకపోవడంలో ఉంది. అప్పీలు రెండేళ్లలో తేలితే ఈ లెక్కలేవీ అవసరం ఉండేవి కావు.

శిక్ష ఆగినా దోషి అన్న నిర్ధారణ ఆగదన్నది మరో ముఖ్యమైన సంగతి. నిర్ధారణను సైతం నిలిపివేసే అధికారం అప్పీలు కోర్టుకు ఉందని 1995లో రామా నారంగ్ కేసు గుర్తించింది గానీ, అది అరుదుగా, దాని పర్యవసానాలను ప్రత్యేకంగా చూపినప్పుడే వాడవలసినదని తర్వాతి తీర్పులు చెప్పాయి. 2001లో బి.ఆర్. కపూర్ కేసులో, శిక్ష అమలు ఆగినంత మాత్రాన దోషిగా తేలినవారికి ఎన్నికల్లో పోటీకి ఉన్న అనర్హత తొలగదని తేల్చి, జయలలిత ముఖ్యమంత్రి నియామకాన్ని రద్దు చేశారు. 2013లో లిల్లీ థామస్ తీర్పు ప్రజాప్రతినిధులకు అప్పీలు పేరుతో దొరికిన రక్షణను కొట్టివేసింది. 2023 ఆగస్టులో రాహుల్ గాంధీ సభ్యత్వం తిరిగి రావడానికి కారణం, సుప్రీంకోర్టు దోష నిర్ధారణనే నిలిపివేయడం. ఏసీబీ కేసులో శిక్షపడిన ఉద్యోగికి బెయిలు వచ్చినా కొలువు తిరిగిరాకపోవడానికీ మూలం ఇదే.

ఉత్తర్వు వచ్చినంత మాత్రాన జైలు తలుపు తెరుచుకోదు. ఇద్దరు జామీనుదారులు, వాళ్ల పాసు పుస్తకాలు, ఇంటిపన్ను రసీదులు కావాలి. సొంత భూమి లేని కూలీ కుటుంబానికి, ముఖ్యంగా సుగ్గికి, అంటే కోత పనులకు, గుంటూరు మిరప చేలకు వలసపోయే కోసిగి, ఆదోని వైపువాళ్లకు ఆ ఇద్దరిని వెతకడమే ఒక పరీక్ష. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీ విషయంలో ఇదే జరిగింది. సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చినా కింది కోర్టు 10,000 రూపాయల జామీను అడిగి, ఆస్తి వేరే జిల్లాలో ఉందంటూ అతని సోదరుని పూచీని తిరస్కరించింది. జస్టిస్ కృష్ణయ్యర్ 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై అతన్ని వదలమన్నారు. ఎక్కడో దూరాన అరెస్టయిన మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, ఆంధ్రుడు స్థానిక జామీనుదారుణ్ని ఎక్కణ్నుంచి తెస్తాడని ఆ తీర్పులోనే అడిగారు. మన పేరెత్తి మరీ అడిగిన ఆ ప్రశ్న నేటికీ మన కోర్టు ఆవరణల్లో జవాబు దొరకకుండా తిరుగుతోంది.

ఇక దూరం సంగతి. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడితే, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరులో వెలిసింది. 1956లో అది హైదరాబాదుకు మారింది. 2019 జనవరి 1 నుంచి అమరావతిలో నడుస్తోంది. మద్రాసు నుంచి మొదలుపెడితే సీమవాళ్ల అప్పీలు నాలుగు ఊళ్లు తిరిగింది. రాయలసీమకు హైకోర్టు గానీ రాజధాని గానీ అన్న మాట 1937 శ్రీబాగ్ ఒడంబడికలోనే ఉంది. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి ఏర్పాటు చేయాలని శాసనసభ తీర్మానించింది. జైల్లో ఉన్నవాడు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు, నిర్బంధంలో ఉన్నంతకాలం ఉచిత న్యాయసహాయానికి అర్హుడు, తీర్పు నకలు ఖర్చు లేకుండా ఇవ్వాలి. ఇవన్నీ చట్టంలో ఉన్నవే. అయినా దరఖాస్తు ఏ తేదీకి వచ్చింది, వాయిదా ఎందుకు పడిందని తెలుసుకోవడానికి, కడపలో ములాఖాత్ ముగించుకున్న భార్యో తల్లో ఆ రాత్రి విజయవాడ బస్సు ఎక్కుతుంది.