మందూ పొగా లేని చిట్టెలుకల్లో మగవాటికే కాలేయ క్యాన్సర్ ఎందుకు?

మనుషుల్లో కాలేయ క్యాన్సర్ ఆడవాళ్లకంటే మగవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. మగవాళ్లు తాగుతారు, సిగరెట్లు కాలుస్తారు, అందుకేనని సరిపెట్టుకోవచ్చు. కానీ ఒకే మేత తిని, ఒకే నీళ్లు తాగి ప్రయోగశాలలో పెరిగే చిట్టెలుకల్లోనూ ఇదే తేడా, అదీ ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

ఈ ప్రయోగాల్లో కాలేయ క్యాన్సర్ పుట్టించడానికి ఎక్కువగా వాడే రసాయనం డైఇథైల్‌నైట్రోసమీన్. పిల్ల పుట్టిన 15వ రోజున, కిలో బరువుకు 25 మి.గ్రా. లెక్కన, పొట్టలోకి ఒకే ఒక్క ఇంజెక్షన్ ఇస్తారు. 7 గ్రాముల పిల్లకైతే 0.175 మి.గ్రా. వస్తుంది. మిల్లీలీటరుకు 2.5 మి.గ్రా. ఉండేలా సెలైన్‌లో కలిపితే అది 70 మైక్రోలీటర్లు. కాలేయంలోని సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్ ఈ రసాయనాన్ని మార్చి, డీఎన్ఏకి ఇథైల్ గుంపులు (చిన్న రసాయన ముక్కలు) అతుక్కునేలా చేస్తుంది. ఆ వయసులో కాలేయ కణాలు ఇంకా చురుగ్గా విభజన చెందుతుంటాయి కాబట్టి మరమ్మతు పూర్తయ్యేలోపే దెబ్బ శాశ్వత మ్యుటేషన్‌గా మారుతుంది. కొన్ని నెలలకు మగవాటిలో దాదాపు నూటికి నూరింటికీ కణితులు వస్తాయి. ఒకే ఈతలో పుట్టిన ఆడవాటిలో నూటికి 10 నుంచి 30కే.

లెక్క తప్పేది ఎక్కువగా చిన్న విషయాల్లోనే. పిల్లల్ని విడివిడిగా తూచకుండా ఈత మొత్తానికీ సగటు మోతాదు ఇస్తే బక్కపిల్లకు ఎక్కువ పడుతుంది. ఆడా మగా గుర్తించడంలో పొరపాటు జరిగితే ఇక పోల్చడానికే ఏమీ మిగలదు. మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరం మగపిల్లలో ఎక్కువ; పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇంజెక్షన్ నాటికి ఇవి ఇంకా ఈడుకు రాలేదన్నది గమనించాలి. అంటే తేడాలో ఎక్కువ భాగం మ్యుటేషన్ పడ్డ తర్వాత, కణితి పెరిగే దశలో పుట్టాలి. తర్వాత మగవాటి వృషణాలు తీసేస్తే కణితులు తగ్గుతాయి, ఆడవాటి అండాశయాలు తీసేస్తే పెరుగుతాయి. టెస్టోస్టిరాన్ నేరుగా కాలేయ కణాన్ని రెచ్చగొడుతోందని అనుకోవడం సహజం. 1989లో వచ్చిన ఒక అధ్యయనం దాన్ని తిప్పికొట్టింది. కొన్ని కణాల్లో ఆండ్రోజన్ రిసెప్టర్ (టెస్టోస్టిరాన్ లాంటి మగ హార్మోన్ల కబురు అందుకునే ప్రోటీన్) పనిచేసే, కొన్నింటిలో పనిచేయని ఆడ చిట్టెలుకలకు టెస్టోస్టిరాన్ ఇచ్చి చూశారు. రిసెప్టర్ లేని కణాల నుంచి కూడా కణితులు వచ్చాయి. హార్మోన్ కబురు చుట్టూ తిరిగి చేరుతోందన్నమాట.

ఆ చుట్టుదారుల్లో ఒకటి గ్రోత్ హార్మోన్ అయ్యుండొచ్చు. మగవాటిలో అది విడతలు విడతలుగా, ఆడవాటిలో దాదాపు ఎడతెగకుండా విడుదలవుతుంది. అది లోపించిన చిట్టెలుకలకు ఈ క్యాన్సర్ చాలా తక్కువగా వస్తుంది.

ఆడవాటి రక్షణకు 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో బృందం ఒక వివరణ ఇచ్చింది. దెబ్బతిన్న కాలేయంలో కుప్ఫర్ కణాలు (కాలేయంలో ఉండే రోగనిరోధక కణాలు) ఇంటర్‌ల్యూకిన్-6 అనే, వాపు రేపే ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. ఈస్ట్రోజన్ దాన్ని అణచిపెడుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 జన్యువు తీసేస్తే మగవాటిలో క్యాన్సర్ తగ్గి, ఆడా మగా తేడా చెరిగిపోయింది. 2012లో మరో బృందం కాలేయంలో ఫాక్స్ఏ1, ఫాక్స్ఏ2 జన్యువులు రెండింటినీ తొలగిస్తే కథ తారుమారైంది: ఈసారి ఆడవాటికే కణితులు ఎక్కువ. హార్మోన్ల రిసెప్టర్లు డీఎన్ఏ మీద తమ చోటు పట్టుకోవడానికి ఈ జన్యువులు తయారుచేసే ప్రోటీన్ల సాయం కావాలి. ఈ రెండు ఫలితాల్లో నాకు రెండోదే బరువైనదిగా తోస్తుంది. రక్షణ హార్మోన్‌లోనే లేదు, కాలేయం దాన్ని చదువుకునే తీరులో ఉంది.

అలాగని ఈస్ట్రోజన్‌ను కాలేయానికి రక్షక దేవతను చేయనక్కర్లేదు. గర్భనిరోధక మాత్రల్లో వాడే ఇథినైల్ ఈస్ట్రడయాల్ ఆడ ఎలుకల కాలేయంలో కణితుల్ని పెంచుతుంది. చిట్టెలుకల్లోనే సీ57బీఆర్ జాతి ఆడవి, ఇతర జాతుల ఆడవాటితో పోలిస్తే, ఈ క్యాన్సర్‌కు తేలిగ్గా లొంగిపోతాయి.

ఎప్పుడు కోసి చూశామన్నదీ ముఖ్యమే. మరీ ఆలస్యం చేస్తే ఆడవాటిలోనూ కణితులు పెరిగి, ‘ఎన్నింటికి వచ్చింది’ అన్న లెక్కలో తేడా మాయమవుతుంది. అప్పుడు ఒక్కో కాలేయం మీద కణితులు ఎన్ని, ఎంతెంత పెద్దవి అని లెక్కపెట్టాలి.