వరద రిజర్వాయర్ ఖాళీగా కనిపిస్తే తిట్టుకోకండి: అపోహలు - వాస్తవాలు

రిజర్వాయర్ ఆపరేషన్‌లో పనిచేసేవాళ్లకి వానాకాలం వచ్చిందంటే తిట్లు మామూలే, అందుకే ఎక్కువగా వినే మాటలకి జవాబులు ఇక్కడే రాసేస్తున్నా.

అపోహ: డ్యామ్ నిండుకుండలా ఉంటేనే బాగున్నట్టు

సాగునీటి డ్యామ్‌కైతే సరే. వరద ఆపడానికి కట్టినదానికి మాత్రం ఖాళీ జాగానే ఆస్తి, సీజన్‌కి ముందే మట్టం దించి పెట్టుకుంటాం, ఆ ఖాళీనే ఫ్లడ్ కుషన్ అంటాం. బోటింగ్‌కి వచ్చినవాళ్లేమో జెట్టీ బురదలో ఉందేంటి, నీళ్లన్నీ ఎందుకు వదిలేశారు అని గొడవ. బోట్లూ పిక్నిక్కులూ ఉండాల్సిందే, కానీ కింద మిగిలిన నీళ్లతోనే సర్దుకోవాలి మరి.

అపోహ: గేట్లెత్తి ఊళ్లు ముంచేశారు

లక్ష క్యూసెక్కుల ఇన్‌ఫ్లో ఉంటే 40 వేలు వదిలామనుకోండి, మిగతా 60 వేలు లోపలే ఆగుతున్నాయి, రోజంతా ఇలాగే వస్తే 5 టీఎంసీల పైనే చేరతాయి. డ్యామే లేకపోతే ఆ లక్షా నేరుగా ఊళ్ల మీదకే. కుషన్ అయిపోయాక మాత్రం చేసేదేం లేదు, వచ్చింది వచ్చినట్టు వదలాల్సిందే. అయితే ముందే కొంచెం కొంచెం వదలకుండా చివరిదాకా పట్టుకుని కూర్చుని ఒక్కసారిగా గేట్లన్నీ ఎత్తితే జనం తిట్టడంలో తప్పులేదు, అది ఆపరేషన్ లోపమే.

అపోహ: వందేళ్ల వరద ఒకసారి వచ్చిపోయింది, ఇంక భయం లేదు

ప్రతి ఏడాదీ 1 శాతం ఛాన్స్ అని దానర్థం, వచ్చే ఏడాదీ రావచ్చు. 30 ఏళ్లలో కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం.

అపోహ: మునిగేది దిగువవాళ్లే

అమెరికాలోని హ్యూస్టన్ నగరం దగ్గర అడిక్స్, బార్కర్ అని రెండు వరద రిజర్వాయర్లున్నాయి, 1940ల్లో కట్టారు, మామూలు రోజుల్లో ఎండిపోయే ఉంటాయి, లోపల పార్కులు, సైకిల్ దారులు. అయితే ప్రభుత్వం కొన్న భూమి పూర్తి ముంపు మట్టం దాకా లేదు, ఆ మిగిలిన చోట ఇళ్లు లేచాయి. 2017లో హార్వే తుపానుకి నీళ్లు వెనక్కి ఎక్కి ఎగువన ఉన్న ఆ ఇళ్లలోకే వెళ్లాయి. కాబట్టి లేక్ వ్యూ ప్లాట్ అనగానే అడ్వాన్స్ ఇచ్చేయకుండా, గరిష్ఠ వరద మట్టం ఎంత, ప్లాట్ ఎత్తు ఎంత అని రాతపూర్వకంగా అడగండి, ఇప్పుడు నీళ్లు ఎక్కడున్నాయో చూసి కొనొద్దు.

అపోహ: గేట్ల కింద మోకాలి లోతే, ఈత కొట్టొచ్చు

గేటు కొంచెం ఎత్తినా అక్కడ నిమిషాల్లో మట్టం లేస్తుంది. సైరన్ వినపడితే బట్టలూ చెప్పులూ వదిలేసి ముందు గట్టెక్కండి.