జైరోలో దూరప్రయాణం: అపోహలు, వాస్తవాలు, కొంచెం కోపం

"అన్నా, నేనూ మా ఫ్రెండూ జైరోలో డాలస్ నుంచి శాన్ డియేగో దాకా వెళ్దామనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలి?"

నేను టెక్సస్‌లో జైరో (జైరోప్లేన్: పైన హెలికాప్టర్‌కి ఉన్నట్టు తిరిగే రెక్కలు, అంటే రోటర్, వెనక ప్రొపెల్లర్ ఉండే చిన్న ఎగిరే యంత్రం) నడపడం నేర్పిస్తుంటాను. పైగా తెలుగువాణ్ణి, అందుకే మనవాళ్ళు చొరవగా ఫోన్ చేసి అడుగుతారు. అడగడం మంచిదే. భయంతో అడిగేవాళ్ళకి ఎంతసేపైనా ఓపిగ్గా చెప్తాను. నాకు ఒళ్ళు మండేది దాని తర్వాత వచ్చే మాటకి: "ఇంజన్ ఆగినా గొడుగులా మెల్లగా దిగిపోతుందట కదా, ఇంక టెన్షన్ ఏముంది?"

ప్లానంతా ఈ ఒక్క మాట మీదే కట్టేస్తారు. మ్యాప్ మీద గీత గీసేదీ, ఎంత ఎత్తులో వెళ్ళాలో తేల్చుకునేదీ, మిట్టమధ్యాహ్నం ఎండలో టేకాఫ్ చేసేదీ దీన్ని నమ్ముకునే. అందుకే ముందు దీని సంగతి చూద్దాం. మిగతావి తర్వాత గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఇంజన్ ఆగినా ఏం కాదు, ఎక్కడ కావాలంటే అక్కడ దిగొచ్చు.

వాస్తవం: ఇందులో సగమే నిజం. జైరోలో ఇంజన్ తిప్పేది వెనక ఉన్న ప్రొపెల్లర్‌నే. రోటర్‌ని తిప్పేది కింద నుంచి పైకి దాని గుండా పోయే గాలి. కాబట్టి ఇంజన్ ఆగినా రోటర్ తిరుగుతూనే ఉంటుంది. 1923లో స్పెయిన్‌లో హువాన్ దె లా సియెర్వా తన ఆటోజైరోని (జైరోకి అప్పటి పేరు) ఎగరేసింది ఇందుకే, వేగం తగ్గినా స్టాలై, అంటే రెక్కలకి గాలి పట్టు తప్పి, కూలిపోని యంత్రం కావాలని. ఇంతవరకు ఎవరూ కాదనరు.

అయితే రోటర్ తిరుగుతూ ఉండటం ఒక సంగతి, మీరు ఎక్కడ దిగుతారన్నది ఇంకో సంగతి. ఇంజన్ ఆగిన సెస్నా 172 లాంటి చిన్న విమానం ఒక అడుగు కిందికి దిగేలోపు తొమ్మిది అడుగులు ముందుకెళ్తుంది. మన టూ సీటర్ జైరో మహా అయితే నాలుగు అడుగులు. 1,000 అడుగుల ఎత్తులో ఉంటే గాలి ఎదురు లేని రోజున కూడా మీకు అందేది ముప్పావు మైలు. నేల తాకడానికి పట్టేది సుమారు 50 సెకన్లు. ఆలోపే గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి, చోటు ఎంచుకోవాలి, రేడియోలో మేడే (ఆపదలో ఉన్నామని) చెప్పాలి, వెనక సీట్లో ఉన్న ఫ్రెండ్‌ని బెల్ట్ బిగించుకోమనాలి. 500 అడుగుల్లో ఉంటే అన్నీ సగం.

నేర్చుకునేవాళ్ళతో ఒక పని చేయిస్తుంటాను. వెయ్యి అడుగుల్లో ఉండగా చెప్పకుండా థ్రాటిల్ (ఇంజన్ పవర్) తగ్గించి "ఎక్కడ దిగుతావో చూపించు" అంటాను. దాదాపు అందరూ ఎదురుగా పచ్చగా కనిపించే పొలం చూపిస్తారు. డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి వచ్చిన ఒకాయనైతే పొలం దాటాక ఉన్న రోడ్డే చూపించాడు. సరే, పోనీయమన్నాను. పొలం గట్టు కూడా చేరలేదు. మెస్కీట్ పొదల మీద 200 అడుగుల్లో ఉండగా నేను పవర్ ఇచ్చి లేపాను. పైకొచ్చాక, "ఇది ఇంత తొందరగా దిగుతుందని ఎవరూ చెప్పలేదే" అన్నాడు. రోటర్ ఆగదని చెప్పేవాళ్ళు వందమంది ఉంటారు. కాళ్ళ కింద ఉన్నచోటే దిగాల్సి వస్తుందని చెప్పేవాళ్ళే ఉండరు.

ఇంక నిలువుగా దిగడం. పైన ఎత్తులో ముందు వేగం సున్నాకి తెచ్చి నిలువుగా దించొచ్చు, సరదాగా కూడా ఉంటుంది. కానీ అదే వేగంతో నేలకి తగిలితే నడుములు మిగలవు. చివరి రెండు మూడు వందల అడుగుల్లో ముక్కు దించి మళ్ళీ 55, 60 మైళ్ళ వేగం తెచ్చుకుంటేనే ఫ్లేర్ చేయడానికి, అంటే నేల దగ్గర ముక్కు పైకెత్తి మెత్తగా దించడానికి, వీలవుతుంది. ఆ ఎత్తు చేతిలో లేకపోతే ఆ పని కుదరదు. తక్కువ ఎత్తులో నింపాదిగా పోతూ ఫోటోలు తీసుకునేవాళ్ళు ప్రమాదంలో పడేది సరిగ్గా ఇక్కడే.

దిగడానికి కావలసిన చోటు మాత్రం నిజంగానే చిన్నది. ఫ్లేర్ బాగా కుదిరితే కొన్ని గజాల్లో ఆగిపోతుంది. ఆ కొన్ని గజాలూ చదునుగా ఉండాలి. కంచెలు, గోతులు, పొదలు ఉన్నచోట చక్రం పక్కకి ఒరిగితే మనిషి లేచి నిలబడొచ్చు గానీ, రోటర్ నేలకి కొట్టుకుని జైరో తుక్కయిపోతుంది. ఆ తర్వాత మీరిద్దరూ జులై ఎండలో, ఫోన్ సిగ్నల్ లేకుండా, రోడ్డుకి ముప్పై మైళ్ళ దూరాన.

ఇప్పుడు మ్యాప్ తీయండి. డాలస్ నుంచి శాన్ డియేగోకి తిన్నగా గీత గీస్తే దాదాపు 1,180 మైళ్ళు. ఆ గీత శాక్రమెంటో కొండల మీదుగా, వైట్ శాండ్స్ క్షిపణి పరీక్షల నిషిద్ధ గగనతలం గుండా, హీలా అడవి మీదుగా పోతుంది. యాప్ అడిగిన వెంటనే గీసిస్తుంది, దానికేం పోయింది? మీరు పట్టుకోవాల్సింది హైవేని. ఐ-20 మీదుగా ఆబిలీన్, మిడ్‌లాండ్, పేకోస్. అక్కణ్ణుంచి ఐ-10 మీద వాన్ హార్న్, ఎల్ పాసో, డెమింగ్, లార్డ్స్‌బర్గ్, విల్‌కాక్స్, టూసాన్. తర్వాత ఐ-8 మీదుగా హీలా బెండ్, యూమా. దూరం పెరుగుతుంది, నిజమే. కానీ కింద ఎప్పుడూ రోడ్డుంటుంది, దానివెంట మనుషులుంటారు. చిన్న ఇంజన్ల విమానాలవాళ్ళు ఏళ్ళ తరబడి ఈ దారినే వెళ్తున్నది అందుకే. కొండల్ని దాటడానికి ఇంత తక్కువ ఎత్తున్న దారి పైన ఉత్తరాన దొరకదు.

డెమింగ్ దగ్గర తాడు కట్టి ఎగరేసే రాడార్ బెలూన్ ఒకటి ఉంటుంది. బెలూన్ కనపడుతుంది, తాడు కనపడదు. చార్ట్‌లో దాని నిషిద్ధ వలయం చూడకుండా బయల్దేరారని తెలిస్తే నేను ఫోన్ ఎత్తను.

ఎత్తు సంగతి. నేల నుంచి 2,000 అడుగులకి తగ్గకుండా వెళ్ళండి, 3,000 అయితే ఇంకా మంచిది. "అంత పైనుంచి ఏం కనిపిస్తుందన్నా" అంటారు. కరెంటు తీగలు మీకు తగలవు, అది చాలు. ఎత్తు పెరిగితే ఆ ముప్పావు మైలు కాస్తా రెండు మైళ్ళకి పైగా అవుతుంది. జైరోలో మీకుండే ఇన్సూరెన్స్ అదే.

మధ్యాహ్నపు టేకాఫ్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. లార్డ్స్‌బర్గ్ ఎయిర్‌పోర్టు సుమారు 4,300 అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడ 35 డిగ్రీల ఎండలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ దాదాపు 7,700 అడుగులు, అంటే గాలి అంత ఎత్తులో ఉన్నంత పలచగా ఉంటుంది. టర్బో లేని రోటాక్స్ 912 ఇంజన్ తన బలంలో నాలుగో వంతుకి దగ్గరగా పోగొట్టుకుంటుంది. జైరో రన్‌వే వదులుతుంది గానీ పైకి ఎక్కదు. 1931 జూన్‌లో పేరుమోసిన అమెరికన్ పైలట్ అమేలియా ఇయర్‌హార్ట్ ఆటోజైరోలో పశ్చిమ తీరం దాకా వెళ్ళి తిరిగొస్తూ మన ఆబిలీన్‌లో టేకాఫ్ చేశారు. ఎత్తు అందక కిందికి జారి, ఆపి ఉన్న కార్లను గుద్దారు. ఆవిడకి దెబ్బలు తగల్లేదు. అంతటి పైలట్‌నీ కింద పడేసిన ఊరది. ఎండాకాలంలో పదకొండు గంటలకల్లా నేల మీద ఉండండి. మా స్నేహితుడు ఒకడు డెమింగ్‌లో మధ్యాహ్నం వెళ్దామని పట్టుబడితే, నేను లాంజ్‌లో సోఫా మీద వాలి నిద్రపోయాను. జైరో తాళం చెవి జేబులో పెట్టుకునే పడుకున్నాను.

అపోహ: స్టాల్ కాదు కాబట్టి స్టిక్ (జైరోని నడిపే కర్ర) ఎలా తిప్పినా పర్లేదు.

వాస్తవం: స్టాల్ కాదు, కానీ రోటర్ మీద భారం పోతే చచ్చిపోతారు. గుట్ట దాటగానే సరదాకి స్టిక్ ముందుకి తోస్తే సీట్లోంచి తేలినట్టు అనిపిస్తుంది చూడండి, ఆ క్షణంలో రోటర్ గుండా గాలి పోవడం తగ్గి దాని వేగం పడిపోతుంది. జైరో ముందుకి పల్టీ కొడితే దాన్నుంచి బయటపడే ఉపాయం ఏదీ లేదు. కుదుపుల్లో స్టిక్‌తో కుస్తీ పట్టకండి. పవర్ తగ్గించండి, వేగం తగ్గనివ్వండి.

అపోహ: ట్యాంకు నింపితే నాలుగ్గంటలు, గంటకి 85 మైళ్ళు, అంటే 340 మైళ్ళు.

వాస్తవం: బ్రోషర్ రాసినవాడు మీతో రాడు. 500 కిలోల పరిమితి ఉన్న పాత మోడల్ తీసుకుందాం. ఖాళీ బరువు 265. మీరిద్దరూ చెరో 90. మిగిలేది 55. బ్యాగులు, నీళ్ళు, పనిముట్లు 20 అనుకుంటే పెట్రోలుకి మిగిలేది 35 కిలోలు, అంటే సుమారు 48 లీటర్లు. ట్యాంకులో చోటున్నా బరువులో చోటుండదు. గంటకి 18 లీటర్లు తాగితే రెండు గంటల నలభై నిమిషాలు. అందులో గంట రిజర్వు తీసేయండి. జైరో, హెలికాప్టర్ లాంటి రోటార్‌క్రాఫ్ట్‌కి ఇరవై నిమిషాలుంటే చాలని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రూలు. అది జరిమానా పడకుండా కాపాడుతుంది, పశ్చిమ టెక్సస్‌లో మిమ్మల్ని కాపాడదు. పడమటికి వెళ్తుంటే ఎదురుగాలి మామూలే. అది పాతిక మైళ్ళుంటే మీ 85 కాస్తా 60 అవుతుంది, 340 మైళ్ళు కాస్తా వంద అవుతాయి. బరువు తగ్గిన కొద్దీ ఈ లెక్క బాగుపడుతుంది. అందుకే ఇద్దరూ లైసెన్సున్నవాళ్ళయితే రెండు జైరోలు తీసుకెళ్ళమంటాను, నెమ్మదిగా వెళ్ళేదాన్ని ముందు పెట్టి.

పెట్రోలు సంగతి తెలిసిందే. రోటాక్స్‌కి బంకులో దొరికే ప్రీమియమే ఇష్టం, చిన్న ఎయిర్‌పోర్టుల్లో దొరికేది సీసం కలిసిన విమానాల పెట్రోలు, 100ఎల్ఎల్. తప్పనప్పుడు పోయండి, ఆయిల్ తొందరగా మార్చండి. చాలాచోట్ల క్రూ కార్ (వచ్చిన పైలట్లు వాడుకునే ఎయిర్‌పోర్టు కారు) ఇస్తారు, డబ్బా తీసుకుని బంకుకెళ్ళి రావచ్చు. కారు తిరిగిచ్చేటప్పుడు దాని ట్యాంకు నింపి ఇవ్వండి, తర్వాత వచ్చేవాళ్ళకి కూడా ఇస్తారు.

మిగతావి వరసగా. హెలికాప్టర్‌లా నిలబడుతుందా? నిలబడదు, రన్‌వే మీద పరిగెత్తాల్సిందే. విమానం లైసెన్సుంటే చాలా? చాలదు, జైరోకి విడిగా నేర్చుకుని, విడిగా పాసవ్వాలి. టేకాఫ్‌లో రోటర్ వేగం అందకముందే థ్రాటిల్ తోసి రెక్కలు నేలకేసి కొట్టేది ఎక్కువగా ఈ విమానాలవాళ్ళే. స్పోర్ట్ పైలట్ లైసెన్సుకి కనీసం ఇరవై గంటల శిక్షణ అంటున్నారు, సరిపోతాయా? పరీక్షకి సరిపోతాయి, ఎడారి దాటడానికి కాదు. ఖర్చంతా ఫ్రెండ్ పెట్టుకోవచ్చా? కుదరదు, పైలట్ తన వాటా తాను పెట్టుకోవాల్సిందే. ఇండియాలో ఇలా తిరగొచ్చా, హైదరాబాద్ నుంచి తిరుపతి? మా బాబాయి కూడా ప్రతి సంక్రాంతికీ అడుగుతాడు. అక్కడ ఫ్లైట్ ప్లాన్, ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్) నంబరు లేకుండా ఊరు దాటలేరు. ఇక్కడిలా పొద్దున్నే లేచి బుద్ధి పుట్టిన వైపు వెళ్ళడం కుదరదు.

అపోహ: ఇద్దరం ఉంటే ధైర్యం, ఒకరికొకరు తోడు.

వాస్తవం: తోడే, కాదనను. కానీ ఒకడికి భయమేసినప్పుడు రెండోవాడి ముందు చెప్పుకోలేక ఇద్దరూ మబ్బుల్లోకి పోయే సందర్భాలు చాలా ఉంటాయి. ఇంట్లో ఉండగానే తేల్చుకోండి: ప్రయాణంలో ఈ లెగ్‌లో (ఈ భాగంలో) పైలట్ ఇన్ కమాండ్, అంటే చివరి మాట చెప్పే పైలట్, ఎవరు, ఇద్దరిలో ఎవరు వద్దన్నా ఆ పూట ప్రయాణం లేదు, ఎందుకని అడగకూడదు. భార్యాభర్తలు వెళ్తే ఈ గొడవ తక్కువ, వద్దన్నవాళ్ళ మాటే చెల్లుతుంది.

అపోహ: లాంగ్ వీకెండ్‌కి రెండ్రోజులు సెలవు కలిపితే వెళ్ళొచ్చేయొచ్చు.

వాస్తవం: నార్మన్ సర్‌ప్లస్ 2010లో ఉత్తర ఐర్లాండ్ నుంచి జైరోలో ప్రపంచయాత్రకి బయల్దేరాడు. దారిలో థాయ్‌లాండ్‌లో ఒక చెరువులో పడ్డాడు, రష్యా అనుమతి రాక జపాన్‌లో ఇరుక్కుపోయాడు, చివరికి ముగించింది 2019లో. మీకు రష్యా అడ్డం లేదు గానీ ఎల్ పాసోలో గాలి ఉంది. వసంతంలో ఆ వైపు ఇసుక గాలులు మూడేసి రోజులు వదలవు. అక్టోబర్ మేలు.

సోమవారం ఆఫీసులో మీటింగ్ ఉందని ఆదివారం సాయంత్రం గాలిలోకి లేచేవాడి కంటే ప్రమాదమైన పైలట్‌ని నేను చూడలేదు. కాబట్టి మధ్యలో ఆపేసి ఇంటికొచ్చే ఖర్చు కూడా బడ్జెట్‌లో ముందే రాసుకోండి: రెండు వారాల హ్యాంగర్ అద్దె, ఇద్దరికీ ఎల్ పాసో నుంచి డాలస్‌కి వన్ వే టికెట్లు, జైరో తెచ్చుకోవడానికి మళ్ళీ వెళ్ళే టికెట్లు. రోటర్‌కి బిగించే తాళ్ళు మీవే తీసుకెళ్ళండి, చిన్న ఎయిర్‌పోర్టుల్లో ఉండేవి సెస్నాలకి పనికొచ్చేవే.