బారీ బాండ్స్ గురించి అడిగారు కదా

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు బారీ బాండ్స్ గొప్పవాడా, మోసగాడా, ఒక్క మాటలో చెప్పమన్నారు. ఒక్క మాటలో తేలే సంగతి కాదర్రా.

బేస్‌బాల్‌లో హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిదనుకోండి. అమెరికా మేజర్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువగా 762 హోమ్ రన్లు కొట్టింది ఆయనే. 2001లో ఒక్క సీజన్‌లోనే 73 కొట్టాడు.

అవతలి జట్లకు ఆయనంటే ఎంత దడో వినండి. 1998 మే 28న ఆయన జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి అరిజోనా జట్టుతో మ్యాచ్. చివరి ఇన్నింగ్స్. అరిజోనా 8-6తో ముందుంది. ఇద్దరు ఔటయ్యారు, ఇంకొక్కరు ఔటైతే ఆట ముగిసినట్టే. పరుగు తీసేవాళ్లు మధ్యలో ఆగే మజిలీలను బేసులంటారు, ఆ మూడు బేసుల్లోనూ జెయింట్స్ వాళ్లే ఉన్నారు. అప్పుడు బాండ్స్ బ్యాట్ పట్టుకొచ్చాడు. అరిజోనా మేనేజర్ బక్ షోవాల్టర్ కావాలనే నాలుగు బంతులు అందనంత దూరంగా వేయించాడు. అలా వేస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేసుకు వెళ్లిపోతాడు, బేసులు నిండి ఉంటే ఒక పరుగు కూడా ఇచ్చుకోవాలి. తెలిసి తెలిసి ఆ పరుగు ఇచ్చేశారు! తర్వాతి బ్యాటర్ ఔటై, అరిజోనా 8-7తో బయటపడింది.

ఈ మ్యాచ్ ఎందుకు చెప్పానంటే, ఒంటిబలం పెంచే స్టెరాయిడ్ మందులు వాడాడన్న ఆరోపణలు చాలావరకు ఆ సీజన్ తర్వాతి కాలానివి. అప్పటికే లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు ఆయనకు మూడుసార్లు వచ్చింది.

తర్వాత బాల్కో అనే కంపెనీ ఆటగాళ్లకు స్టెరాయిడ్లు ఇస్తోందని కేసు నడిచింది. ట్రైనర్ ఇచ్చినవి అవిసె నూనె, కీళ్లనొప్పుల క్రీమ్ అనుకున్నానని 2003లో గ్రాండ్ జ్యూరీకి, అంటే కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందానికి, చెప్పాడు బాండ్స్. నాకైతే నమ్మబుద్ధి కాదు. ఒంటిని నమ్ముకుని బతికే మనిషి, ఒంట్లోకి ఏం పోతోందో అడగడా? విచారణకు అడ్డుపడ్డాడని 2011లో దోషిగా తేల్చారు, 2015లో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది.

తప్పు ఆయనొక్కడిదే అనను. మందులు వాడితే శిక్షపడే పరీక్షలు లీగ్ 2004 దాకా పెట్టనే లేదు. హోమ్ రన్ల కోసం జనం ఎగబడుతుంటే గట్టిగా అడిగిన వాళ్లు తక్కువ. కానీ మందుల జోలికి పోకుండా ఆడి, జట్టులో చోటు దక్కక ఇంటిదారి పట్టిన కుర్రాళ్లుంటారు కదా, వాళ్లని తలచుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ మందిరం హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాలంటే 75 శాతం ఓట్లు కావాలి. బేస్‌బాల్ పాత్రికేయుల ఓటింగులో 2022 ఆయనకు ఆఖరి అవకాశం, 66 శాతం వచ్చాయి. నాకే ఓటుంటే వేసేదాన్ని. ఆయన ఫలకం మీద 762 పక్కనే బాల్కో సంగతి కూడా చెక్కమని పట్టుబట్టేదాన్ని.

ఉంటాను,
మీ అమ్మమ్మ