పది శాతం లోపుంటే సొంత పరిశోధనేనా?

విశాఖలో థీసిస్ సమర్పించబోయే స్కాలర్లు ఇద్దరు కలిస్తే ముందొచ్చే ప్రశ్న "నీకెంత వచ్చింది?". అడిగేది సాఫ్ట్‌వేర్ చూపించే సిమిలారిటీ శాతం గురించి, అంటే థీసిస్‌లో ఎంత భాగం ఇదివరకే అచ్చయిన రాతలతో కలుస్తోందన్న లెక్క. అలా కలిసిన వాక్యాలకు రిపోర్టులో రంగు పడుతుంది. కొందరు ఆ వాక్యం దగ్గర ఆగి ‘యూజ్డ్’ తీసేసి ‘యుటిలైజ్డ్’ పెడతారు. మళ్లీ చెక్ చేయిస్తే రంగు పోతుంది. ఆలోచన మాత్రం అప్పటికీ ఇంకొకరిదే.

ఈ శాతాల టెన్షన్ ఈమధ్య మొదలైందే. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఏ యూనివర్సిటీలోనైనా థీసిస్ అంటే లైబ్రరీ బీరువాకు చేరే బైండు పుస్తకమే. ఇంకో రాష్ట్రంలో ఎవరైనా దాన్ని దించేసినా తెలిసేది కాదు. సబ్జెక్టు తెలిసినవాళ్లు ఓపిగ్గా చదివితేనే దొంగ దొరికేవాడు. పంజాబ్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ వి.జె. గుప్తా ఎక్కడెక్కడి శిలాజాలనో హిమాలయాల్లో దొరికాయంటూ ఏళ్ల తరబడి జర్నల్స్‌లో పరిశోధన పేపర్లు వేశారు. 1989లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ ఆ గుట్టు విప్పారు. 2002లో కుమావూ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్ పేరున్న పేపరు స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త రెనాటా కల్లోష్ పేపరుకు నకలని తేలింది. స్టాన్‌ఫర్డ్ వాళ్లు రాష్ట్రపతి కలాంకే లేఖ రాశారు, మరుసటి ఏడాది ఆ వైస్ ఛాన్సలర్ రాజీనామా చేశారు. కంచే చేను మేయడమంటే ఇదే. 2008లో తిరుపతి వంతు వచ్చింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ప్రొఫెసర్ ఒకరి పేపర్లు డెబ్బైకి పైగా కాపీవో కల్పితాలో అని బయటపడింది.

నా దృష్టిలో అసలు మలుపు 2010. టీచర్ల ప్రమోషన్లకు పేపర్ల లెక్కన పాయింట్లిచ్చే పద్ధతి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) తెచ్చింది. 2016లో, థీసిస్ ఇచ్చేలోపు స్కాలర్ కూడా ఒక పేపరైనా వేయాలంది. దాంతో డబ్బు తీసుకుని, చదవకుండా వేసే జర్నల్స్‌కు గిరాకీ పెరిగింది. పేపర్లను నిపుణులు చదివి చేసే సమీక్ష విషయంలో పరిశోధకులను తప్పుదోవ పట్టించిందని, జర్నల్స్ వేసే హైదరాబాద్ సంస్థ ఓమిక్స్‌ను 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

2018 జూలైలో కాపీని అరికట్టేందుకు యూజీసీ నిబంధనలొచ్చాయి. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 40 వరకు ఉంటే సవరించి మళ్లీ ఇవ్వాలి, 60 వరకు ఉంటే సవరించిన థీసిస్ ఇవ్వకుండా ఏడాది నిషేధం, ఆపైన రిజిస్ట్రేషన్ రద్దు. ఉద్దేశం మంచిదే. కానీ హద్దుగా పెట్టిన పది కాస్తా పాస్ మార్కు అయిపోయింది. పేపరు తప్పనిసరనే షరతును 2022లో తీసేసినా ఈ అంకెల వెంట పరుగెత్తే అలవాటు పోలేదు.

అరకు ఊళ్లలో తిరిగి సేకరించిన వివరాలను, భీమిలి తీరంలో పట్టిన నీటి శాంపిళ్ల ఫలితాలను అవి అచ్చు కాకముందే ఇంకొకరు తమవిగా రాసుకుంటే ఆ అంకెలకు రంగు పడదు. అది పట్టుకోవాల్సింది చాప్టర్లన్నీ కూర్చుని చదివే గైడే. నష్టపోయినవాళ్లకూ దారుంది. ఆధారాలతో ఫిర్యాదు చేస్తే డిపార్ట్‌మెంట్ కమిటీ 45 రోజుల్లో విచారణ నివేదిక ఇవ్వాలి. అందుకని ఫీల్డ్ నోట్‌బుక్కులు, గైడుకు పంపిన పాత మెయిళ్లు తేదీలతో సహా దాచుకోండి.