కెమెరా, కేబుల్, అనుమతి: లినక్స్ డెస్క్‌టాప్ మీద అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు ఫొటో స్టూడియోల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "కెమెరా తగిలించాం, పర్మిషన్ లేదంటోంది." స్టూడియోలకు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్లు అమర్చి వాటి బాగోగులు చూడడం నా వృత్తి. ఈ సమస్యను విప్పడం నిజానికి కష్టం కాదు. అయితే దాని చుట్టూ పాతకాలపు సలహాలు ఎంతగా పేరుకుపోయాయంటే, అసలు లోపం కంటే ఆ సలహాలు చేసిన నష్టాన్ని సరిదిద్దడానికే నాకు ఎక్కువ సమయం పడుతోంది. వాటిలో తరచుగా ఎదురయ్యేవాటిని ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నింటికీ ముందు ఒక విషయం గ్రహించాలి. అనుమతి అనేది కెమెరాకు ఉండదు. కెమెరాను తగిలించిన క్షణంలో పుట్టి, కేబుల్ తీసిన క్షణంలో మాయమయ్యే ఒక ప్రత్యేకమైన ఫైలుకు ఉంటుంది. ఆ ఫైలును తెరిచే హక్కును సిస్టమ్ సాధారణంగా ఆ సమయంలో కంప్యూటర్ ముందు లాగిన్ అయి కూర్చున్న మనిషికి ఇస్తుంది. కింద చెప్పబోయే అపోహల్లో చాలావరకు ఈ విషయం తెలియకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: తెర మీద అనుమతి ప్రస్తావన కనిపిస్తే లోపం అనుమతిలోనే ఉంటుంది.

వాస్తవం: కెమెరా నుంచి ఫొటోలు దింపే జీఫోటో2 అనే ప్రోగ్రామ్ ఇచ్చే "కుడ్ నాట్ క్లెయిమ్ ది యూఎస్‌బీ డివైస్" (యూఎస్‌బీ పరికరాన్ని పట్టుకోలేకపోయాను) అన్న సందేశాన్ని చివరి వరకు చదివితే, అందులో రెండు సూచనలు ఉంటాయి. ఈ పరికరాన్ని మరో ప్రోగ్రామ్ వాడుతోందేమో చూడమని ఒకటి, దీనిని చదివే, రాసే హక్కు మీకు ఉందో లేదో చూడమని మరొకటి. చదివేవారి కన్ను రెండో సూచన మీదే ఆగుతుంది. నా అనుభవంలో నూతన డెస్క్‌టాప్‌ల మీద కారణం దాదాపు ఎప్పుడూ మొదటిదే. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో కెమెరా తగిలించగానే జీవీఎఫ్ఎస్ అనే సేవ దానిని తన అధీనంలోకి తీసుకుని, ఫైల్ మేనేజర్ పక్కపట్టీలో కెమెరా పేరు చూపిస్తుంది. యూఎస్‌బీ మీద ఒక ఇంటర్‌ఫేస్‌ను ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామే పట్టుకోగలదు. ఆ పట్టు జీవీఎఫ్ఎస్ చేతిలో ఉండగా ఫొటోలు ఎడిట్ చేసే డార్క్‌టేబుల్ గానీ, జీఫోటో2 గానీ అడిగితే -53 అనే లోపసంఖ్య వస్తుంది. ఫైల్ మేనేజర్‌లో కెమెరా పేరు పక్కనున్న ఎజెక్ట్ గుర్తును నొక్కడం, లేదా ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో జియో మౌంట్ కమాండ్‌కు చిన్న ఎస్ ఐచ్ఛికంతో జీఫోటో2 పేరు ఇవ్వడం (gio mount -s gphoto2) దీనికి సరిపోతుంది. కేబుల్ పీకకూడదు, ఎందుకంటే మళ్లీ తగిలించగానే జీవీఎఫ్ఎస్ మళ్లీ పట్టుకుంటుంది.

ఒక స్టూడియోలో ఈ ఒక్క సందేశం చూసి, రాత్రంతా కూర్చుని సిస్టమ్‌ను మొత్తంగా తిరిగి ఇన్‌స్టాల్ చేశారు. తెల్లవారాక అదే సందేశం. పెళ్లికూతురి ఇంటివారు ఆల్బమ్ కోసం ఎదురు చూస్తుండగా నేను వెళ్లి నొక్కినది ఆ ఎజెక్ట్ గుర్తు ఒక్కటే. ఆ కుర్రవాడి ముఖంలోని అలసట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ వ్యాసం రాయడానికి అదొక కారణం.

అపోహ: సుడోతో, అంటే సర్వాధికారి అయిన రూట్ హక్కులతో, నడిపితే పని అయిపోతుంది.

వాస్తవం: కొన్నిసార్లు ఫొటోలు దిగుతాయి, కాని దిగిన ప్రతి ఫైలుకూ రూట్ యజమాని అవుతాడు. మర్నాడు ఎడిటింగ్ చేసే అమ్మాయి ఆ ఫోల్డర్‌ను తెరిచి పేరు మార్చబోతే కుదరదు, తొలగించబోతే కుదరదు. అప్పుడు ఆమె కూడా సుడో వాడడం మొదలుపెడుతుంది. కొన్ని వారాలకు హోమ్ డైరెక్టరీలోని సెట్టింగుల ఫైళ్లు సైతం రూట్ పేరిట మారి, మామూలుగా ప్రోగ్రామ్ తెరుచుకోవడమే మానేస్తుంది. జీవీఎఫ్ఎస్ చూపించే కెమెరా ఫోల్డర్ విషయంలో సుడో అసలు పనికే రాదు. అది వినియోగదారుడి స్థాయిలోనే నడిచే ఫ్యూజ్ పద్ధతిలో మౌంట్ అవుతుంది (అంటే ఫోల్డర్‌గా జతపడుతుంది) కాబట్టి, దానిని మౌంట్ చేసిన వినియోగదారుడు తప్ప రూట్ కూడా సాధారణంగా అందులోకి వెళ్లలేడు. రూట్‌కే అనుమతి లేదని తెర చెప్పినప్పుడు చాలామంది కంప్యూటర్ పాడైందనే నిర్ణయానికి వస్తారు.

సుడోను ఒకే ఒక్క సందర్భంలో నేను వాడతాను, అదీ పరీక్ష కోసమే. మామూలుగా విఫలమై సుడోతో పనిచేస్తే లోపం నిజంగానే అనుమతిది. రెండు విధాలా -53 వస్తే మరొకరు పట్టుకుని ఉన్నారని అర్థం. ఆ తేడా తెలిసిన వెంటనే సుడోను పక్కన పెట్టాలి.

అపోహ: హక్కులు మార్చే సీహెచ్‌మాడ్ కమాండ్‌తో 666, అంటే అందరికీ చదివే, రాసే హక్కు, పెట్టేస్తే ఇక ఎప్పటికీ ఇబ్బంది ఉండదు.

వాస్తవం: కెమెరా తగిలించి, యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొట్టండి. బస్ 001, డివైస్ 007 అని చూపించిందనుకుందాం. అంటే డెవ్ డైరెక్టరీలోని బస్, అందులోని యూఎస్‌బీ, అందులోని 001 అనే ఫోల్డర్‌లో 007 అనే ఫైలు ఇప్పుడే పుట్టింది. ఎల్ఎస్ -ఎల్ తో దానిని చూస్తే యజమాని రూట్, గ్రూపు కూడా రూట్, హక్కులు 664 అని కనిపిస్తాయి. అందరూ చదవవచ్చు, రాయడం మాత్రం రూట్‌కే. కెమెరా పేరు జాబితాలో కనిపిస్తూనే ఫొటోలు రాకపోవడానికి మూలం ఇక్కడే ఉంది. కెమెరాలు కంప్యూటర్‌తో మాట్లాడే పీటీపీ పద్ధతిలో "నీ దగ్గరున్న ఫొటోల జాబితా ఇవ్వు" అని అడగడం కూడా కెమెరాకు ఒక ఆదేశం పంపడమే, అంటే రాయడమే.

ఇప్పుడు ఆ హక్కుల వరుస చివర చూడండి. అక్కడ చిన్న కూడిక గుర్తు ఉంటే, మామూలు హక్కులకు అదనంగా మరొక జాబితా ఉందని అర్థం. గెట్‌ఎఫ్ఏసీఎల్ కమాండ్‌తో దానిని తెరిస్తే మీ లాగిన్ పేరు ఎదురుగా చదివే, రాసే హక్కులు కనిపించాలి. అవి కనిపిస్తే అనుమతి విషయంలో మీరు చేయవలసింది ఏమీ లేదు, కారణాన్ని వేరే చోట వెతకాలి. సీహెచ్‌మాడ్ చేసిన 007 అనే ఫైలు కేబుల్ తీయగానే పోతుంది. మళ్లీ తగిలిస్తే 008 పుడుతుంది, దానికి పాత 664 హక్కులే ఉంటాయి. బ్యాటరీ ఆదా కోసం కెమెరా తనంతట తాను ఆగిపోయి తిరిగి వెలిగినా ఇదే జరుగుతుంది. "పొద్దున పనిచేసింది, మధ్యాహ్నం మానేసింది" అనే ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఈ సంఖ్య మారడమే ఉంటుంది.

అపోహ: ఎల్ఎస్‌యూఎస్‌బీలో కూడా కెమెరా కనిపించకపోతే అది లినక్స్ లోపం.

వాస్తవం: అక్కడ కనిపించకపోతే సమస్య అనుమతుల దాకా రాలేదు. ముందు కేబుల్ మార్చి చూడాలి, ఎందుకంటే ఛార్జింగ్ కోసం మాత్రమే చేసిన కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. కెమెరాలో వైఫై ఆన్‌లో ఉందేమో చూడాలి. చాలా కెనాన్ నమూనాల్లో వైఫై పనిచేస్తుండగా యూఎస్‌బీ పనిచేయదు. మన ఊరికి సంబంధించిన కారణం మరొకటి ఉంది. బీచ్ రోడ్డులో, రుషికొండలో, ఫిషింగ్ హార్బర్‌లో తరచు ఫొటోలు తీసేవారి కెమెరాల పోర్టుల్లో ఉప్పుగాలి వల్ల లోహపు కొనలు పచ్చబారడం నేను ఎన్నోసార్లు చూశాను. భూతద్దం పెట్టి చూస్తే పిన్నుల మొదట్లో సన్నటి పచ్చని పొర కనిపిస్తుంది. కెమెరా ఆపి, బ్యాటరీ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని కుంచెతో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వాలి. అప్పటికీ కనిపించకపోతే సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్లడం మంచిది.

అపోహ: కార్డు రీడర్‌లో పెట్టిన కార్డు మీద రాయలేకపోతే యజమానిని మార్చే సీహెచ్‌ఓన్ కమాండ్ వాడాలి.

వాస్తవం: కెమెరా కార్డుల్లో ఉండే ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లలో యజమాని అనే భావనే లేదు కాబట్టి ఆ కమాండ్‌కు అక్కడ అర్థం ఉండదు. యజమాని ఎవరన్నది మౌంట్ చేసే సమయంలోనే నిర్ణయమవుతుంది. డెస్క్‌టాప్ ద్వారా మౌంట్ చేస్తే అది మీ పేరిటే జరుగుతుంది. ముందు కార్డు పక్కనున్న చిన్న లాక్ మీటను చూడండి.

అపోహ: ప్రతి కెమెరాకూ ఒక యూడెవ్ రూలు (పరికరం తగిలించగానే దానికి ఏ హక్కులు ఇవ్వాలో చెప్పే వరుస) స్వయంగా రాసుకోవాలి.

వాస్తవం: పాత వ్యాసాల్లో ఈ సలహా విస్తారంగా ఉంది. ఒకప్పుడు అది అవసరమే. ఇప్పుడు జీఫోటో2 ఆధారపడే లిబ్‌జీఫోటో2 ప్యాకేజీ 2,500కు పైగా కెమెరాలను గుర్తిస్తుంది, వాటికి కావలసిన రూళ్లు దానితోపాటే వస్తాయి. పైగా సిస్టమ్ సేవలను నడిపే సిస్టమ్‌డీలోని రూళ్లు పీటీపీ ఇంటర్‌ఫేస్ ఉన్న ఏ పరికరానికైనా యూయాక్సెస్ అనే ముద్ర వేస్తాయి. ఆ ముద్ర చూసే, లాగిన్లను గమనించే లాగిన్‌డీ సేవ ఇందాక చెప్పిన అదనపు జాబితాలో మీ పేరు చేరుస్తుంది. నిజంగా సొంత రూలు అవసరమైతే రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. సిస్‌ఎఫ్ఎస్ అనే పదంతో రాసిన పాత రూళ్లు ఇప్పుడు పనిచేయవు, వాటి స్థానంలో ఏటీటీఆర్ఎస్ అని రాయాలి. యూయాక్సెస్ ముద్ర వేసే రూలు ఫైలు పేరు 73 కంటే చిన్న సంఖ్యతో మొదలుకావాలి. ఆ ముద్రలను అమలుచేసే ఫైలు 73తో మొదలవుతుంది, రూళ్ల ఫైళ్లు పేర్ల వరుసలోనే చదవబడతాయి. అలవాటు కొద్దీ 99 పెట్టి, రూలు సరిగానే ఉన్నా ఎందుకు పనిచేయడం లేదో తెలియక రోజులు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు.

అపోహ: ప్లగ్‌డెవ్ అనే వినియోగదారుల గ్రూపులో చేరితే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: ఆ గ్రూపుకు హక్కు ఇచ్చే రూలు ఉంటే తప్ప గ్రూపులో చేరడం వల్ల ప్రయోజనం లేదు. ఫెడోరాలో మామూలుగా ఆ పేరుతో గ్రూపే ఉండదు. ఇంతకంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి చెప్పాలి. గ్రూపులో చేర్చే యూజర్‌మాడ్ కమాండ్‌లో పెద్ద జీతో పాటు చిన్న ఏ (-aG) కూడా తప్పక రాయాలి. ఆ ఒక్క అక్షరం మరిచిపోతే మీరు ఉన్న మిగతా గ్రూపులన్నింటి నుంచీ, సుడో గ్రూపుతో సహా, మీ పేరు తొలగిపోతుంది.

అయితే గ్రూపు పద్ధతి తప్పనిసరి అయ్యే సందర్భం ఒకటి ఉంది. మధురవాడలో ఉండే మిత్రుడొకరు సముద్రం మీది మబ్బులను గమనించడానికి కిటికీలో కెమెరా పెట్టి, పది నిమిషాలకొక ఫొటో తీసే ఏర్పాటు చేసుకున్నారు. ఆఫీసు నుంచి, దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ ద్వారా చూసుకునేవారు. కొన్ని రోజులు బాగా నడిచేది, కొన్ని రోజులు అనుమతి లేదని ఆగిపోయేది. ఆయన తన తప్పేమీ లేదని చెప్పిన మాట నిజమే. ఇంట్లో ఆయన లాగిన్ తెరిచి ఉన్న రోజుల్లో అదనపు జాబితాలో ఆయన పేరు ఉండేది కాబట్టి, దూరం నుంచి వచ్చినా అదే పేరు మీద హక్కు చెల్లేది. ఇంట్లోవాళ్లు ఆ కంప్యూటర్‌లో తమ లాగిన్‌కు మారినప్పుడు లాగిన్‌డీ ఆయన పేరు తీసేసి వారి పేరు చేర్చేది. ఎదురుగా కూర్చున్నవారికే హక్కు ఇవ్వడం దాని ధర్మం.

ఈటీసీలోని యూడెవ్ రూళ్ల ఫోల్డర్‌లో ఒకే ఒక్క వరుసతో రూలు రాశాం. తయారీదారు సంఖ్య 04బీ0, అంటే నికాన్, అయిన పరికరానికి గ్రూపు ప్లగ్‌డెవ్, హక్కులు 660. ఆయనను ఆ గ్రూపులో చేర్చి, కంప్యూటర్‌ను ఒకసారి రీబూట్ చేశాం. ఆ సాయంత్రం ఇంట్లో అందరూ లాగౌట్ అయి ఉండగా, ఆయన నా ఫోన్ నుంచే ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి ఫొటో తీయించారు. కైలాసగిరి వైపు కమ్ముకుంటున్న నల్లని మబ్బు అందులో స్పష్టంగా వచ్చింది.